ఎడమచేతి కాజాలు

పెట్టె తెచ్చింది కింద లాండ్రీ కొట్టు ఆయన. మూడంతస్తుల మెట్లెక్కిన ఆయాసం తీరకముందే, "ఎవరో ఇచ్చిపోయారమ్మా, మీకిమ్మన్నారు. పేరడిగితే చెప్పలేదు," అని అట్టపెట్టె ఆమె చేతుల్లో పెట్టి, ఇస్త్రీపెట్టె వేడిమీద వదిలేసి వచ్చిన సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు గబగబా దిగిపోయాడు. గోడమీద గడియారం రెండు కొట్టింది. మూడింటికి కూతురు బడినుంచి వస్తుంది, మొహం కడుక్కుని ఏదో ఇంత తిని మళ్ళీ బడికి పోవాలి, రేపటినుంచి సెలవులు కాబట్టి ఈ సాయంత్రం పిల్లలందరూ వేదికెక్కి పాటలు పాడతారు, ఈ పిల్లకి ముందు వరసలో చోటిచ్చారు. ముందు వరస అన్నందుకు మొదటి రోజు ఇల్లంతా గంతులేసిన పిల్ల, మర్నాడు అద్దం ముందు పాత కోటు తొడుక్కుని చేతులు చాచి చూసుకుంది. మణికట్టుకి మూడు వేళ్ళ పైనే ఆగిపోయాయి కోటు చేతులు. అప్పటినుంచి గంతులు లేవు. "నాకు గొంతు బాలేదని చెప్పి వెనక నుంచుంటాలే అమ్మా," అంది నిన్న రాత్రి, అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా. తొమ్మిదేళ్ళ పిల్లకి ఇంత చక్కగా అబద్ధమాడడం ఎవరు నేర్పారు, ఎవరో నేర్పక్కర్లేదు, ఇంట్లో అమ్మని చూస్తే చాలు.

పెట్టె తెరిచేసరికి కోటు. బూడిదరంగు ఉన్ని కోటు, పిల్లలది, కొత్తది. చీటీ లేదు, పేరు లేదు, పాత కాగితంలో పొందిగ్గా మడిచిపెట్టి ఉంది. ఆమె అలాగే కిటికీ పక్క పీటమీద కూలబడింది. పని పోయిన ఈ ఏడు వారాల్లో ఏడవలేదు, కట్టుకున్నాయనకి వెల్లవేసే పనులు కూడా ఈ చలికాలం తేమలో దొరక్క ఊరంతా తిరిగి వట్టిచేతులతో వచ్చి చెప్పులు విడుస్తుంటే కూడా ఏడవలేదు, ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఎవరో ఒక కోటు పంపితే వెక్కివెక్కి ఏడుపొచ్చింది. ఎవరై ఉంటారు? మరిది కాడు, అతను గుప్పెడు పప్పు ఇస్తే వీధి చివరిదాకా వినపడాలి. ఇంటి యజమానురాలు అసలే కాదు, మెట్లమీద దీపం వెయ్యడానికే ఆవిడ ప్రాణం ఉసూరుమంటుంది. బడి పంతులమ్మ కావచ్చు, పిల్ల చేతులు వీపు వెనక దాచుకోవడం చూసి ఉంటుంది. ఎవరైతేనేం. లోకం మరీ గొడ్డుపోలేదన్నమాట. "దీన్ని కుట్టిన తల్లి కడుపు చల్లగా ఉండాలి," అంది ఆమె పైకే, ఖాళీ గదిలో, కోటుని ఒళ్ళో వేసుకుని నిమురుతూ. నిమురుతున్న వేళ్ళు మొదటి కాజా దగ్గర ఆగాయి.

ఆమె కళ్ళకంటే వేళ్ళు ముందు చూస్తాయి. కళ్ళకి ఈ మూడేళ్ళుగా పొర కమ్ముకొస్తోంది, దగ్గరివన్నీ పాలల్లో ముంచి తీసినట్టుంటాయి, వేళ్ళకి మాత్రం ఏ పొరా లేదు. బొత్తాం పట్టే ఆ చిన్న చీలిక చుట్టూ వేసిన ముడులమీద బొటనవేలు ఒకసారి నడిచింది. ఆగింది. వెనక్కి నడిచింది. ముడులు తిరగబడి ఉన్నాయి. ఎవరు కుట్టినా కాజా కుట్టు ఒకవైపునుంచి మొదలై ఒకవైపుకి పోతుంది, ఇది ఎదురు తిరిగి వచ్చింది. ఎడమచేత్తో కుట్టింది. చివర్న దారం తెంపే ముందు రెండుసార్లు దూర్చి లోపల దాచడం కూడా ఉంది. అలా దాచమని నేర్పింది ఎవరు? నేర్పించుకుంది ఎవరు? ఎడమచేత్తో కాజా కుట్టే మనిషి ఈ ఊళ్ళో ఆమెకి తెలిసి ఒకర్తే. కోటుని ఒళ్ళోంచి విదిల్చింది, వేడి గిన్నె పట్టుకున్నట్టు. అది పోయి నేలమీద పడింది, ఒక చెయ్యి పైకి చాచి.

పిచ్చుక. అసలు పేరుతో ఎవరూ పిలవరు, కోట్లు కుట్టే కార్ఖానాలో చేరిన రోజున వాగిన వాగుడుకి పక్క మిషనావిడ పెట్టిన పేరు అది, అలాగే ఉండిపోయింది. పదకొండేళ్ళ కిందట సన్నటి పిల్లగా వచ్చి నిలబడింది, ఎడమచెయ్యి చూసి సూపర్‌వైజర్ పనికిరావు పొమ్మన్నాడు. "ఉండనివ్వండి, నేను నేర్పుతాను," అంది ఈ మహాతల్లి, అడిగినవాళ్ళు లేకపోయినా. పక్కన కూచోబెట్టుకుంటే ఎడమచేతివాటం పిల్లకి ఒక్క ముక్క ఎక్కలేదు. అప్పుడు ఆలోచించి బల్లకి ఎదురుగా కూచోబెట్టుకుంది. ఎదుటి మనిషి కుడిచెయ్యి అద్దంలో ఎడమచెయ్యి అవుతుంది కదా. నన్ను చూసి చెయ్యి, అద్దంలో నిన్ను నువ్వు చూసుకుంటున్నావనుకో, అంది. వారం తిరక్కుండా ఆ పిల్ల చెయ్యి పట్టాలెక్కింది. అప్పటినుంచి పదకొండేళ్ళు అలాగే ఎదురెదురుగా, మధ్య మూరెడు బల్ల, పిప్పరమెంటు డబ్బాలో సూదులు, మోకాళ్ళు తగులుతుంటే సర్దుకుంటూ. కట్టుకున్నవాడి మొహం కూడా అన్ని గంటలు చూసి ఉండదు ఆమె. ఎదురుగా ఉంది కాబట్టే ఎక్కువ కనిపెట్టింది పిచ్చుక. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం నల్లగుడ్డమీద నల్లదారం, సూది బెజ్జం దొరక్క ఆమె దారాన్ని తడిపి, నలిపి, మళ్ళీ తడిపి తంటాలు పడుతుంటే పిచ్చుక ఒక్కమాట అనలేదు, వాగుడుకాయ ఆ ఒక్కసారే నోరు మూసుకుంది, చెయ్యి చాచి సూది తీసుకుని ఎక్కించి ఇచ్చింది. మర్నాడు పొద్దున ఆమె వెళ్ళేసరికి బల్లమీద ఫ్లానెల్ ముక్కకి నలభై సూదులు వరసగా గుచ్చి ఉన్నాయి, ఇరవై నల్లదారం, ఇరవై తెల్లదారం, అన్నీ ఎక్కించి, దారం కూడా ఆమె నేర్పిన కొలతే, మోచేతినుంచి వేలికొస దాకా, అంతకంటే పొడుగైతే చిక్కుపడుతుందని. ఆ రోజునుంచి రోజూ నలభై. దాని గురించి ఇద్దరూ ఒక్కనాడు మాట్లాడుకోలేదు. ఇంట్లో ఆయనకి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, శుక్లం ఆపరేషన్ చెయ్యాలని డాక్టరన్న మాట ఎవరికీ చెప్పలేదు. ఆమె చేతి కుట్టులో ఒక్క తప్పు రాలేదు ఈ మూడేళ్ళల్లో, కుట్టడానికి వేళ్ళు చాలు, దారం ఎక్కించడానికి ఒక్కదానికే కళ్ళు కావాలి, ఆ కళ్ళు పిచ్చుక అరువిచ్చింది. లోకంలో ఆ సంగతి తెలిసింది ఇద్దరికే.

రెండుంబావు. కింద లాండ్రీలో ఎవరో బేరమాడుతున్నారు. కోటు ఇంకా నేలమీదే ఉంది, తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళి మంచినీళ్ళు తాగింది. తొక్కితే బాగుండేది. తొక్కబుద్ధి కాలేదు, ఉన్నిగుడ్డ కదా, ఉన్నిగుడ్డని తొక్కే చేతులు కావు ఇవి, కాళ్ళు కూడా కావు. పని పోయిన ఆ రోజు మాత్రం అందరూ కలిసి ఆమెని తొక్కారు. సాయంత్రం నాలుగు, వెలుగు పోయే వేళ. ఆర్డర్లు తగ్గాయి, చేతిపని బల్లకి ఇద్దరక్కర్లేదు, ఒకరు చాలు అని వారంనుంచి గుసగుసలు. ఆమెకి భయం లేదు. పద్దెనిమిదేళ్ళ చెయ్యి, నేర్పిన చెయ్యి, తీస్తే తనని ఎలా తీస్తారు. పాపం పిచ్చుకకి ఎసరొచ్చిందే అని జాలిపడింది కూడా. ఆ వారమంతా పిచ్చుక మొహం పీక్కుపోయి ఉంది, ఒకరోజు నీళ్ళగది తలుపేసుకుని ఏడుస్తుంటే తలుపు కొట్టి బయటికి పిలిచి, కళ్ళు తుడిచి, తన డబ్బాలో అన్నం సగం పెట్టి తినిపించింది. "ఊరుకోవే, నేనున్నాగా, సూపర్‌వైజర్‌తో నేను మాట్లాడతా," అంది. నేనున్నాగా! ఎంత మాట. అన్నం మింగుతూ మింగుతూ పిచ్చుక ఇంకా ఏడ్చింది, ఉద్యోగం పోతుందని ఏడుస్తోందనుకుంది తను, అప్పటికే చెప్పేసొచ్చి ఏడుస్తోందని ఎలా తెలుస్తుంది. సూపర్‌వైజర్ వచ్చాడు నాలుగింటికి, చేతిలో ఒక సూది, ఒక నల్లదారం. మిషన్లు ఆపమన్నాడు. "పెద్దక్కా, కాస్త ఈ దారం ఎక్కించు," అన్నాడు, మర్యాదగానే, చిన్నపిల్లని ఎక్కం అడిగినట్టు. పన్నెండుమంది చూస్తున్నారు. తడిపింది, నలిపింది, సూదిని కిటికీవైపు ఎత్తింది. ఒకసారి, రెండుసార్లు, పదకొండుసార్లు. పదకొండోసారి దారం వేలిమీదినుంచి జారిపోతే ఎవరో నిట్టూర్చడం వినపడింది. ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేటంత దగ్గర్లో, పిచ్చుక తల వంచుకుని తన ఒళ్ళో చూసుకుంటోంది.

తల కొట్టేసినట్టయింది. పని పోయినందుకు కాదు, పని పోవడం ఎవరికి కొత్త. తలుపేసుకుని చెవిలో చెప్పుకున్నట్టు దాచుకున్నది తీసుకెళ్ళి నడిబజార్లో పెట్టింది పిచ్చుక. పోనీ అడగలేకపోయిందా? పెద్దక్కా, నాకు ఇద్దరు పిల్లలు, మా ఆయనకి మంచంమీంచి లేచే ఓపిక లేదు, నువ్వు తప్పుకుంటావా అని అడిగితే ఏమనేది తను? అడిగితే తప్పుకునేదా? ఆ ప్రశ్న దగ్గరికొచ్చినప్పుడల్లా ఆమె ఇంకేదో పని కల్పించుకుంటుంది, ఇప్పుడు కూడా కడిగిన గ్లాసు మళ్ళీ కడిగింది. తప్పుకునేది కాదేమో. అయినా సరే, అడగాలి. అడగడం వేరు, అమ్మేయడం వేరు. ఇంకో మాట, అన్నిటికంటే ఒళ్ళు మండించే మాట, ఆ రోజు పొద్దున కూడా బల్లమీద నలభై సూదులూ ఎక్కించే ఉన్నాయి. సాయంత్రం ఏం జరగబోతోందో తెలిసి, అందరికంటే ముందొచ్చి, దీపం కింద కూచుని, ఇరవై నల్లవి, ఇరవై తెల్లవి. ఎక్కించకుండా ఉంటే పదింటికే అర్థమయ్యేది, ఏదో తలనొప్పని లేచి ఇంటికొచ్చేసేది, పన్నెండుమంది ముందు ఆ ఆట ఉండేది కాదు. అంత ద్రోహం చేస్తూ అంత శ్రద్ధ ఎలా కుదిరింది దానికి? ఆ చేతికి ఇది కోటు కాదు, ఇంకో నలభై సూదులు.

పంపించేస్తుంది. అంతే. ఆయన రాగానే చెప్పి, పెట్టె పెట్టెలాగే కట్టి, ఆ కార్ఖానా గుమ్మంలో పడేయించి రమ్మంటుంది. పిల్లకి గొంతు బాలేదు, వెనక వరసలో నిలబడుతుంది, ఏం కొంప మునగదు. కోటుని మడవడానికి తీసింది. మడవబోయి, అలవాటు ఊరుకోక, పని చూసింది. వీపు రెండు ముక్కలు అతికింది, కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ అయ్యుంటుంది, కానీ అతుకు నేతలో కలిసిపోయింది, గోరుతో వెతికితే తప్ప దొరకదు. మెడపట్టీ సరిగ్గా కూచుంది. దొంగముండ, పనిమాత్రం బంగారంలా చేసింది, నేర్పినదాని చెయ్యి ఎలాంటిది మరి! చేతుల దగ్గరికొచ్చేసరికి అంచు మడవకుండా వదిలేసి ఉంది. రెండు చేతులూ అంతే, నాలుగు వేళ్ళ గుడ్డ ఎక్కువుంచి, పచ్చిగా, కుట్టకుండా. మరిచిపోలేదు, కావాలనే. కిందటేడు సెలవుల్లో కూతుర్ని కార్ఖానాకి తీసుకెళ్ళినప్పుడు పిచ్చుకే దాన్ని బల్లెక్కించి టేపు పట్టి కొలతలు తీసింది, ఆటకి, నీ పెళ్ళికోటు నేనే కుడతానే అంటూ. ఆ కొలతలు గుర్తుపెట్టుకుంది. ఏడాదిలో చేతులెంత సాగాయో దానికెలా తెలుస్తుంది, రావడానికి మొహం చెల్లదు కదా. అందుకని ఆ ఒక్క పని వదిలేసింది, తల్లి చెయ్యడానికి. పెట్టె అడుగున ఏదో కదిలింది. కాగితం తీసి చూస్తే పిప్పరమెంటు డబ్బా.

మూత తెరవకుండానే తెలుసు. తెలిసి తెరిచింది. ఫ్లానెల్ ముక్క, దానికి గుచ్చి ఆరు సూదులు, ఆరింటికీ బూడిదరంగు దారం ఎక్కించి ఉంది. ఆమెకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఇంత పొగరా, ఇంత జాలా, రెంటికీ తేడా తెలియలేదు. నీకు కనపడదని నాకు తెలుసు పెద్దక్కా, అని ఆరు నోళ్ళతో చెప్పినట్టుంది. ఫ్లానెల్ ముక్క పట్టి ఒక్క గుంజు గుంజింది, విసిరికొట్టాలని, ఒక దారం డబ్బా మూతలో ఇరుక్కుని సర్రున సూదిలోంచి ఊడొచ్చేసింది. ఆ చిన్న చప్పుడుకే చెయ్యి ఆగిపోయింది. ఐదు మిగిలాయి. రెండూ ముప్ఫై అయిదు. మూడింటికి మెట్లమీద అడుగులు వినపడతాయి, ఆ పిల్ల మెట్లు ఎప్పుడూ రెండేసి ఎక్కుతుంది, ఈ మధ్య ఒక్కొక్కటే ఎక్కుతోంది.

అప్పుడు ఏం ఆలోచించిందో ఆమెని అడిగితే ఆమే చెప్పలేదు. క్షమించిందని మాత్రం అనుకోవద్దు. క్షమించడానికి తీరిక కావాలి, ఆమె దగ్గరున్నది ఇరవై అయిదు నిమిషాలు. పాత కోటు చెయ్యి తెచ్చి పక్కన పరిచి, మూడు వేళ్ళు కలిపి, ఎదిగే పిల్ల కదా అని ఇంకో వేలు కలిపి, మడత పెట్టి గోరుతో గీసింది. మొదటి సూది తీసుకుంది. దారం మోచేతినుంచి వేలికొస దాకా, వెంట్రుకవాసి తేడా లేదు. కుట్టడం మొదలుపెట్టాక గదిలో వెలుగుతో పని లేకపోయింది, వేళ్ళు వాటి దారిన అవి పోయాయి, ఏడు వారాలుగా మూలన పడేసిన చేతులు తిండి చూసినట్టు ఎగబడ్డాయి. కుడుతూ తిట్టింది, నోటికొచ్చిన తిట్టల్లా తిట్టింది, ఒక్కో కుట్టుకి ఒకటి, ఆ కడుపు చల్లగా ఉండాలన్న దీవెన వెనక్కి తీసుకునే వీలుంటే బాగుండును అనుకుంది, తీసుకోలేదు. ఎడమచెయ్యి, నా చెయ్యి, ఒక్క కోటుమీద, ఇక ఈ జన్మకి ఇదే ఆఖరు అనుకుంది. మూడు సూదులు అయిపోయాయి, ఒక చెయ్యి అయింది. తర్వాత నాలుగోది. అయిదో దారం కురచబడి కురచబడి, రెండో చెయ్యి అంచులో మూడు వేళ్ళ మేర మిగిలుండగానే అయిపోయింది. ఆరోది ఉంటే సరిపోయేది. పిచ్చుక లెక్క తప్పలేదు, తప్పింది ఆమె కోపం.

ఊడిన దారాన్ని డబ్బా మూతలో తడిమి పట్టుకుంది. తడిపింది. నలిపింది. సూదిని కిటికీవైపు ఎత్తింది. మళ్ళీ ఆ నాలుగ్గంటల గది, మిషన్లు ఆగిన గది, పన్నెండు మంది. ఒకసారి, రెండుసార్లు. కళ్ళు నీళ్ళతో నిండేసరికి బెజ్జం కాదు కదా సూదే కనపడలేదు. తలుపు తీసి ఉందన్న సంగతి మరిచిపోయింది, మెట్లమీద అడుగులు ఒక్కొక్కటే వచ్చాయో ఏమో వినపడలేదు.

"ఏంటమ్మా అది? కోటా?"

సంచి భుజాన్నే ఉంది పిల్లకి. కోటుని చూసింది, అమ్మ చేతిలో సూదిని చూసింది, అమ్మ మొహం చూసింది. దాచడానికి ఏమీ లేకపోయింది. పిల్ల దగ్గరికొచ్చి, "ఇటివ్వు," అని సూదీ దారం తీసుకుంది. ఒక్కసారి ఒక కన్ను మూసింది, అంతే, ఎక్కించి ఇచ్చేసింది. ఇంత సులువైన పనా ఇది, ఇందుకా ఇదంతా, అనిపించింది ఆమెకి, పిల్లమీద కూడా ఒక్క క్షణం కోపమొచ్చింది. తల వంచుకుని మిగిలిన మూడు వేళ్ళ అంచూ కుట్టింది. పిల్ల మోకాళ్ళమీద కూచుని చూస్తోంది, ఎదురుగా.

"నీకు కనపడదామ్మా?"

"కుట్టడానికి కనపడుతుంది. ఎక్కించడానికే."

"మరి పనిలో రోజూ ఎలా ఎక్కించుకునేదానివి?"

"ఒకావిడ ఎక్కించి పెట్టేది."

"ఈ కోటు ఆవిడే ఇచ్చిందా?"

ఆమె దారాన్ని రెండుసార్లు దూర్చి లోపల దాచి, పంటితో తెంపింది. "ఊఁ."

"మంచిదే కదా మరి. ఇప్పుడెక్కడుంది?"

"పనిలోనే ఉంది," అంది ఆమె.

పిల్లకి అర్థం కాలేదు, కోటు తొడుక్కునే హడావుడిలో ఉంది. చేతులు మణికట్టు దాటి, అరచేతి మొదలుకి వచ్చి ఆగాయి. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, ఒకసారి గొంతు సవరించుకుని పాట మొదటి పాదం అందుకుంది, గొంతు బాగానే ఉంది. "బొత్తాలు పెట్టవా," అంది వెనక్కి తిరిగి. ఆమె పిల్ల ముందు కూచుని కింది బొత్తాంనుంచి మొదలుపెట్టింది. ఐదు కాజాలు, ఐదూ ఎదురు తిరిగినవి. ఒక్కొక్కదాని దగ్గర వేలు ఆగింది, ఒక్కొక్కదాన్లో బొత్తాం దూర్చింది.